భూసేకరణమును, అద్దె యంగడివాని స్వత్వమును

మన సంఘ వార్షిక మహాసభా సమయమున వెలువడు ఈ సంచికలో కులపూర్వుల చరిత్రమును, దేవాలయ ధర్మకార్యములను, విద్యార్థి వసతిగృహముల వృత్తాంతములను పఠితలు చదువుచుందురు. ఈ యేడు మేము వేరొక చరిత్రమును వ్రాయ బూనితిమి. ఇది అద్దె కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుండి జీవితమును గడపు చిన్న వర్తకుని చరిత్రము. మనవారిలో సొంత కట్టడములు గలవారు గలరు. బాడుగ యంగడియే యాధారముగా కుటుంబమును పోషించుకొనువారును గలరు. ఉభయులును ఈ పందిటి క్రింద నొక్క పంక్తిని కూర్చుండువారే. కావున ఈ విషయము సభవారి యెదుట నుంచదగినదని తలంచుచున్నాము.

ప్రశ్న యిది. రాజ్యము బాటను వెడల్పు చేయుటకో, రైలుమార్గము వేయుటకో, కాలువ త్రవ్వుటకో భూమిని తీసికొనును. భూస్వామికి వెల ముట్టును. ఆ భూమిపై నిలిచిన కొట్టులో ముప్పది యేండ్లుగా బియ్యమో, బట్టలో, ఇత్తడి పాత్రలో అమ్ముకొనుచున్న అద్దెదారునకు ముట్టున దేమి?

వర్తకుని యాస్తి యనగా సరకు, రొక్కము, రావలసిన బాకీలు అని లోక మెంచును. ఈ మూడింటిని బండి కెత్తుకొని పోవచ్చును. నాలుగవది యొకటి గలదు, అది తావు. ఇటుకయు, సున్నమును యజమానివే. కాని ఫలాని వీధి మలుపున ఫలానివాని కొట్టు గలదనియు, అచ్చట తూకము సరిగా నుండుననియు, పండుగకు అరువు దొరకుననియు ఊరివారి మనస్సులలో నాటుకొనిన నమ్మకము అద్దెదారుడు సంపాదించినది. దాని విలువ వర్తకు లెఱుగనిది గాదు. మన పట్టణములలో మంచి తావున నున్న కొట్టుకై పగిడీ యను పేర పెద్ద మొత్తములు చేతులు మారుట యెల్లరును చూచినదే. అయినను ఈ నాలుగవ యాస్తికి భూమి లెక్కలలో గడి లేదు. ఈ గడి యెట్లు లేకపోయినదో, ఇటీవలి కాలమున కొంతవర కెట్లు ఏర్పడినదో తెలుపుటయే మా యుద్దేశము.

మన ప్రాచీనులు భూమి విషయమున రాజున కెంతటి యధికార మిచ్చిరి? విశ్వజిద్యాగమున యజమానుడు సర్వస్వమును దానము చేయవలెను గదా. అట్లైన రాజు భూమండలమునే దాన మీయవచ్చునా యని పూర్వమీమాంసా సూత్రములలో ఆఱవ యధ్యాయమున నొక విచారము గలదు. భూమి యెల్లరకును సమానమగుటచే దానిని దానము చేయరాదని జైమిని సిద్ధాంతము. రాజునకు గలది రక్షణాధికారమే యనియు, అందులకే అతనికి ఫలభాగము చెల్లుననియు వ్యాఖ్యాతల తాత్పర్యము.

కౌటిల్యుని యర్థశాస్త్రము మన విషయమునకు మఱింత చేరువ. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతికి తాళపత్ర ప్రతి చిక్కి, 1909లో అచ్చుపడిన ఆ గ్రంథమున మూడవ యధికరణములో అద్దెదారుని ప్రసక్తి గలదు. అతనికి 'అవక్రయి' యని పేరు. అద్దె చెల్లించుచున్న యవక్రయిని వెళ్ళగొట్టిన గృహస్వామికి 12 పణముల దండము. పారుష్యము, చౌర్యము, సాహసము మొదలగు దోషము లున్నప్పుడే మినహాయింపు. తనంతట తాను విడిచిపోవు అద్దెదారుడు ఆ యేటి యద్దెలో మిగిలిన భాగమును చెల్లింపవలెను. ఇరువురకును బాధ్యతలు విధించిన ఈ వాక్యములవలన, అద్దెదారుడు గృహస్వామి దయపై నిలిచినవాడు గాక ధర్మము నెఱిగిన వ్యవహర్తయే యని ఆ కాలమున నెంచిరని తెలియుచున్నది.

రాజే స్వయముగా భూమిని కోరినప్పు డేమి జరుగవలెనో కల్హణుని రాజతరంగిణి నాలుగవ తరంగమున నొక కథ చెప్పుచున్నది. 8వ శతాబ్దమున కాశ్మీరము నేలిన చంద్రాపీడుడు త్రిభువనస్వామి దేవాలయమును కట్టింప సంకల్పించెను. ఎంచుకొనిన స్థలమున నొక చర్మకారుని గుడిసె యుండెను. అతడు దాని నీయ నొల్లడయ్యెను. అధికారులు రాజుతో మొఱపెట్టుకొనగా రాజు, ముందుగా అతని నడుగక పని మొదలుపెట్టిన తప్పు మీదే యని వారినే మందలించెను. పని నిలుపుడు, లేదా వేఱొక చోట కట్టుడు అని శాసించెను. అంతట చర్మకారుడు రాజును దర్శించి, రాజునకు సౌధ మెట్టిదో తనకు పుట్టినది మొదలు ఆ గుడిసె యట్టిదనియు, దానిని కూల్చుట చూడజాలననియు, అయినను ప్రభువు తన యింటికి వచ్చి సదాచారము చొప్పున అడిగినచో నిత్తుననియు విన్నవించెను. రాజు ఆ గుడిసెకు పోయి, అడిగి, ధన మిచ్చి కొనెను. పని దేవకార్యము, కోరినవాడు రాజు, ఇచ్చినవాడు సమాజమున మిక్కిలి తక్కువగా చూడబడినవాడు. ముందుగా అడుగుట, చెప్పినది వినుట, వెల యిచ్చుట అను మూడు ధర్మములును ఈ కథయందు గలవు. తరువాతి శాసనములను ఈ మూడింటితో తూచి చూచెదము.

పాశ్చాత్య దేశములలో రాజ్యమునకు ప్రజల యాస్తిపై గల ఈ పరమాధికారమునకు పేరు పెట్టినవాడు హాలెండు దేశీయుడగు గ్రోషియస్. 1625లో వెలువడిన తన యుద్ధశాంతి ధర్మగ్రంథమున అతడు ప్రజాప్రయోజనార్థమే దీనిని వాడవలెననియు, నష్టపడినవానికి పరిహార మీయవలెననియు వ్రాసెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1791లో తమ రాజ్యాంగపు అయిదవ సవరణమున న్యాయమగు పరిహారము లేక ఆస్తిని గైకొనరాదని విధించుకొనినవి. అచ్చటను చిన్న వర్తకుని బాధ తీరలేదు. వాషింగ్టను నగరమున నైరృతి పేటను బాగుచేయు ప్రణాళికలో నొక దుకాణమును, అది స్వయముగా శిథిలము గాకున్నను, తీసికొనుట చెల్లునని 1954లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. వ్యాపార ప్రతిష్ఠకు కలిగిన నష్టమునకు వెల కట్టుట అచ్చటి సామాన్య న్యాయమున లేదు. 1970లో చేసిన శాసనముచే అద్దెదారులగు వర్తకులకును తరలింపు వ్యయములు లభించినవి. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రము ఆ ప్రతిష్ఠా నష్టమునకు సైతము పరిహార మీయవలెనని శాసించెను. ధనిక దేశములోనే ఈ గుర్తింపునకు ఇంత కాలము పట్టినది.

ఇక మన దేశము. కంపెనీవారు 1824లో వంగదేశమున నొక రెగ్యులేషన్ చేసిరి. మన తీరాంధ్ర, రాయలసీమలు చేరియుండిన చెన్నరాజధానికి 1852లో ప్రత్యేక శాసనము వచ్చినది. 1857లో ఆంగ్ల పరిపాలన క్రిందనున్న దేశ మంతటికి నొకే చట్టమును, 1870లో దాని స్థానమున వేఱొకటియు, తుదకు 1894 మార్చి 1వ తేదీనుండి అమలుపడిన ప్రసిద్ధమగు భూసేకరణ చట్టమును ఏర్పడినవి. నిజాము రాష్ట్రమున 1309 ఫసలీలో వేరుగ భూసేకరణ శాసనము చేసికొనిరి. 1894 నాటి చట్టము స్వరాజ్యము వచ్చిన తరువాతను నిలిచి, 2013 డిసెంబరు తుదివరకు నూటపందొమ్మిది యేండ్లకు పైగా మన బాటలను, కాలువలను, కర్మాగారములను నిర్ణయించినది.

ఆ చట్టము అద్దెదారుని పూర్తిగా మఱచినదనుట సత్యము గాదు. పరిహారమున భాగము కోరు ప్రతివాడును 'సంబంధము గల వ్యక్తి' యని మూడవ ప్రకరణము చెప్పుచున్నది. తొమ్మిదవ ప్రకరణము ప్రకారము భూమిని అనుభవించుచున్న వానికిని నోటీసు ఈయవలెను. ఇరువదిమూడవ ప్రకరణమున పరిహార నిర్ణయమునకు చెప్పిన యంశములలో అయిదవది వ్యాపార స్థలమును మార్చుకొనుటకగు న్యాయమైన వ్యయము. సంపాదనకు కలుగు హానియు అందే ప్రస్తావింపబడినది. బలవంతపు సేకరణమని 15 వంతుల యదనపు సొమ్మును గలదు. దీనిని 1984లో 30 వంతులకు పెంచిరి. ఇది యంతయు కాగితముపై బాగుగనే యున్నది. కాని ఇరువదినాల్గవ ప్రకరణము చూడుడు. పరిహారము కట్టునప్పుడు లెక్కలోనికి తీసికొనరాని సంగతులలో భూమిని విడుచుటకు వాని కిష్టము లేకపోవుట యొకటి! చంద్రాపీడుడు దేనిని గౌరవించి గుడిసె వాకిటికి నడచెనో, ఈ చట్టము దానినే లెక్కింపవలదన్నది.

ఆచరణమున నిబ్బంది యెచ్చట వచ్చినది? మొదటిది కరారునామా. ఆస్తి బదిలీ చట్టము (1882) ననుసరించి వ్రాత లేని నెలవారీ యద్దెను 15 దినముల నోటీసుతో ముగింపవచ్చును. ఏడాదికి మించిన కౌలుపత్రము రిజిస్టరు కావలెను గనుక, ఖర్చునకు జంకి మన పట్టణములలో 11 నెలల కరారునామా వ్రాయుట వాడుక యైనది. అదియు వ్రాయని వారనేకులు. 15 దినములలో తొలగింపదగిన యద్దెదారునకు భూమిలో గల స్వత్వ మెంత యని ప్రశ్న పుట్టినప్పుడు, పరిహారము పంపకమున అతని భాగము స్వల్పమగుట సహజము. రెండవది గడువు. కలెక్టరు నిర్ణయముపై అసంతృప్తి గలవాడు, తాను విచారణకు హాజరై యున్నచో, 6 వారములలో కోర్టునకు పంపుడని కోరవలెను. వ్యవహార జ్ఞానము లేని వర్తకుడు నోటీసు నర్థము చేసికొనులోపల గడువు దాటిపోవును. మూడవది రాజీ. విచారణకు హాజరైన సంబంధిత వ్యక్తు లందఱు వ్రాతమూలముగ నొప్పుకొనినచో కలెక్టరు ఆ యొప్పందము ప్రకారమే నిర్ణయము చేయవచ్చునని 1984లో చేర్చిరి. హాజరు కాని యద్దెదారుని సమ్మతి యక్కఱలేదన్న మాట! భూమి ప్రభుత్వపరమైన క్షణమున సమస్త బాధ్యతలనుండి విముక్తమై చేరును. కౌలు దానితో ముగియును.

మా శిష్యులలో నొకని సంగతి యిచ్చట చెప్పుట తగును. అతడొక పట్టణమున 22 యేండ్లు పాత్రల కొట్టు నడపెను. బాట వెడల్పు చేయు సందర్భమున పత్రములన్నియు యజమాని పేర వచ్చినవి. యజమాని సంతకము చేసెను. గోడపై ఎఱ్ఱరంగుతో గీత గీచిన నాడు గాని మా శిష్యునకు సంగతి తెలియలేదు. కార్యాలయమునకు పోగా అధికారి, నీ వెవరవు, నీ కాగిత మేది యని యడిగెను. అది తప్పు ప్రశ్న గాదు. చూపుటకు వానియొద్ద కాగితము లేదు. నెలనెల అద్దె చేతికిచ్చుటయు, యజమాని తన పుస్తకమున వ్రాసికొనుటయు తప్ప రసీదు లేదు. యజమానియు మనవాడే, దుర్మార్గుడు గాడు. అడిగినవారు లేక చెప్పలేదు, అంతే. వెనుక సందులో క్రొత్త కొట్టు తెఱచిన మా శిష్యుడు, పాత వాడుకరులలో సగము మంది కా సందే తెలియదని మాతో ననెను. ఈ కథలో నేరస్థుడు లేడు. నష్టపడినవాడు మాత్ర మున్నాడు.

పెద్ద నగరముల కథయు నిట్టిదే. భాగ్యనగరమున 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చిన పిమ్మట 1912లో నగరాభివృద్ధి మండలి నేర్పఱచి, ఇరుకు పేటలను తొలగించి వెడల్పు బాటలు వేసిరి. చార్మినారు చేరువ పత్తర్‌గట్టీ ఱాతి దుకాణముల వరుస ఆ మండలి కట్టించినదే. శతాబ్దము గడచిన పిమ్మట మెట్రో రైలు వచ్చినది. ఒకప్పుడు రెసిడెన్సీ బజారని పిలువబడి, 1933 వరకు ఆంగ్ల రెసిడెంటు అధికారము క్రింద నుండిన సుల్తాన్ బజారు వర్తకులు ఆ మార్గమును అనేక సంవత్సరములు ప్రతిఘటించిరి. తుదకు మార్గము ఆ బజారు మీదుగనే సాగినది. జూబ్లీ బస్టేషన్ మొదలు మహాత్మాగాంధీ బస్టేషన్ వరకు గల ఆ భాగము 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనది. రైలు వలన నగరమునకు మేలు కలిగినదనుటలో సందియము లేదు. బాటలు వలదనియు, రైళ్ళు వలదనియు మేము వాదింపము. బాట లేనిది వర్తకము లేదు. ఎల్లర మేలునకై యొకడు తావు కోల్పోవునప్పుడు ఆ భారమును ఎల్లరు పంచుకొనవలెనని మాత్రమే మా వాదము.

మన రాజ్యాంగమున ఆస్తిహక్కు మొదట ప్రాథమిక హక్కులలో నుండెను. 1978లో చేసిన 44వ సవరణముచే అది తొలగి, చట్టము యొక్క యధికారము లేక యెవ్వరి యాస్తిని హరింపరాదను 300-ఏ అధికరణమున నిలిచినది. మఱియొక వైపున 1985లో బొంబాయి కాలిబాట వాసుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు జీవనోపాధి జీవించు హక్కులో భాగమని చెప్పినది. 2024లో కలకత్తా నగరపాలక సంస్థ వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే 300-ఏ అధికరణమున ఏడు ఉపహక్కులు ఇమిడియున్నవని విడమఱచినది. నోటీసు పొందుట, తన మాట వినిపించుకొనుట, కారణములతో గూడిన నిర్ణయము పొందుట, న్యాయమగు పరిహారము పొందుట అందులోనివి. కాశ్మీర చర్మకారుడు కోరిన మూడు ధర్మములు ఇట్లు న్యాయస్థానపు మాటలలో మరల వినబడినవి.

2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన 2013 నాటి క్రొత్త భూసేకరణ చట్టమున అద్దెదారుని స్థితి కొంత మెఱుగైనది. భూమి లేకున్నను, ఏ విధమగు కౌలుదారైనను, చేతిపనివాడైనను, సేకరణమునకు ముందు మూడేండ్లు ఆ ప్రదేశమున పనిచేయుచు, ముఖ్య జీవనోపాధిని కోల్పోవువాడైనచో వాని కుటుంబము 'బాధిత కుటుంబము'గా నెంచబడును. స్థానభ్రష్టులైన చేతిపనివారికిని, చిన్న వర్తకులకును, స్వయముపాధి గలవారికిని ఒక్కసారి యిచ్చు సహాయము 25,000 రూపాయలకు తక్కువ గాకుండ నుండవలెనని రెండవ అనుసూచి. స్థానభ్రష్ట కుటుంబములకు తరలింపు వ్యయము 50,000 రూపాయలు అందే గలదు. ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 దినములలో ఆక్షేపణలు తెలుపవచ్చును. పరిహారమును, పునరావాసపు సొమ్మును ముట్టిన తరువాతనే భూమిని స్వాధీనము చేసికొనవలెను. సేకరణమునకు ముందు సామాజిక ప్రభావ విచారణమును విధించిరి. రెండు తెలుగు రాష్ట్రములును తరువాతి సవరణములచే కొన్ని విధములగు పనులకు దానినుండి మినహాయింపు కల్పించుకొనినవి.

ఈ మొత్తములు చాలునా? చాలవు. నేటి పట్టణమున క్రొత్త కొట్టునకు అడ్వాన్సుగా నిచ్చు సొమ్ముతో పోల్చినచో 25,000 రూపాయలు స్వల్పము. తావు వలన వచ్చిన పేరునకు ఇందును వెల లేదు. అయినను శాసనము మొదటిసారిగా చిన్న వర్తకుని పేరు పెట్టి పిలిచినది. పిలిచినప్పుడు పలుకుటకు వాడు సిద్ధముగ నుండవలెను. పలుకుటకు వలయునది కాగితము.

కావున అద్దెదారులగు సోదరులకు మా మనవి. కరారునామా వ్రాయించుకొనుడు, వీలైనచో రిజిస్టరు చేయించుకొనుడు. అద్దెకు రసీదు పుచ్చుకొనుడు, లేదా బ్యాంకు ద్వారా చెల్లింపుడు. మునిసిపాలిటీ లైసెన్సు, దుకాణముల చట్టపు నమోదు, జీఎస్టీ పత్రము, కరెంటు బిల్లులు, మీ చిట్టా, ఆవర్జా పుస్తకములు మూడేండ్లకు తక్కువ గాకుండ భద్రపఱచుడు. మూడేండ్లు ఆ తావున నున్నారని ఋజువు చేయవలసినది మీరే. నోటీసు వచ్చిన దినమును దానిపై వ్రాసికొని, ఆ వారముననే న్యాయవాదికి చూపుడు. విచారణకు తప్పక హాజరు కండు.

కట్టడములు గల పెద్దలకు, ఈ సంఘమునకు పోషకులైన వారికి మఱింత వినయముతో నొక మాట. విచారణలో మీ వాంగ్మూలమున అద్దెదారుని పేరు చెప్పుడు. నోటీసు రాగానే వానికి తెలుపుడు. వ్యాపార స్థలము మార్పునకై వానికి వేరుగ రావలసిన సొమ్ము మీ భూమి వెలలోనుండి తగ్గదు. చెప్పినందువలన మీకు నష్టము లేదు. చెప్పకున్న వానికి కలుగు నష్టము తీరదు. కౌటిల్యుడు గృహస్వామికి విధించిన 12 పణముల దండము నేడు లేదు. దాని స్థానమున మీ మనస్సాక్షి గలదు.

సంఘము చేయదగిన పనియు గలదు. ప్రతి జిల్లా శాఖయందు ఇరువురు న్యాయవాదులును, ఒక విశ్రాంత రెవెన్యూ యుద్యోగియు గల చిన్న యుపసంఘ మేర్పడవలెను. భూసేకరణ ప్రకటనలను చదివి ఆయా వీధుల వర్తకులకు తెలియజేయుట, వారి వెంట విచారణకు పోవుట, కరారునామా నమూనాను తెలుగున అచ్చొత్తించి పంచుట దాని పనులుగ నుండవలెను. ఇందులకు పెద్ద ధన మక్కఱలేదు. వసతిగృహములు కట్టిన సంఘమునకు ఇది భారము గాదు. ఈ మహాసభయం దీ విషయమై తీర్మానము ప్రవేశపెట్టుదురని యాశించుచు, తీర్మానముతో నాగక వచ్చు మహాసభ నాటికి ఎన్ని కరారునామాలు వ్రాయబడినవో లెక్క చూపుదురని కోరుచున్నాము.

సర్వే జనాః సుఖినో భవంతు.